చేపకు సమ్మె లేదు

వెనక గోడ ఎక్కుతున్నప్పుడల్లా సోమ్లాకు దేవేందర్ చూస్తాడేమోనని భయం. అటు పక్క దిగాక ఇంకో భయం, చేప చచ్చి తేలి ఉంటుందేమోనని. నలభై ఆరేళ్లవాడు, ఇద్దరు మనవలున్నవాడు, పట్టపగలు దొంగలా గోడ దూకడమేంటయ్యా అని ఎవరైనా అడిగితే చెప్పడానికి అతని దగ్గర జవాబు లేదు. ఇంతవరకూ ఎవరూ అడగలేదు, అదొక్కటే అదృష్టం.

ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె మొదలై పదమూడు రోజులైంది. భూపాలపల్లిలో బొగ్గు బావులు ఆగాయి, బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి. సోమ్లా పనిచేసేది గనుల దగ్గర మట్టి ఎత్తిపోసే ఒక ప్రైవేటు కంపెనీలో. డ్రైవర్ల దగ్గర్నుంచి ఊడ్చేవాళ్ల దాకా అరవై మంది, అందరూ కాంట్రాక్టు వాళ్లే, అందరూ గేటు ఎదుట టెంటు కింద కూర్చున్నారు. డంపరు నడిపే దేవేందర్ వాళ్లకు పెద్ద. "సమ్మె అయ్యేదాక ఎవ్వరు గేటు దాటొద్దు" అని అట్ట మీద రాసి గేటుకు కట్టింది అతనే. సోమ్లా కంపెనీ గెస్ట్ హౌజులో పదకొండేళ్లుగా వంటా, ఇంటి పనీ చూస్తున్నాడు. అతనూ టెంటు కిందే కూర్చున్నాడు, అందరికంటే వెనక వరుసలో.

మేనేజరు దామోదర్ సార్ సమ్మె రెండో రోజే జనగామలో సొంతింటికి వెళ్లిపోయాడు. పరాయివాడేం కాదు, ఈ గడ్డ మనిషే. "మన రాష్ట్రం మనకు రావాలె" అని ఆయనా అంటాడు, ఏసీ గదిలో కాలు మీద కాలేసుకుని. వెళ్తూ వెళ్తూ కారు అద్దం దించి సోమ్లాను పిలిచాడు.

"అందరు పోతే పోనియ్యి. చేపకు సమ్మె లేదు. నేనొచ్చేసరికి అది పానంతోటి ఉండాలె. లేకుంటే నువ్వుండవు."

సోమ్లా "సరె సార్" అన్నాడు. ఆయన ఏం చెప్పినా సోమ్లా నోటికి వచ్చే మాట అదొక్కటే.

గెస్ట్ హౌజు హాల్లో మంచమంత అద్దాల తొట్టి, దాంట్లో మూరెడు పొడుగు తెల్ల చేప. గడ్డం కింద రెండు మీసాలు, ఒళ్లంతా రూపాయి బిళ్లలంత పొలుసులు. దాని అసలు పేరేదో ఉంది గానీ అందరూ వాస్తు చేప అంటారు. అది వచ్చిన ఏడాదే కంపెనీకి గని పని ఇంకో నాలుగేళ్లు పెరిగిందట. ఇక చూడండి, ఆ చేపకు దేవుడి గదిలో దేవుడికి కూడా లేని మర్యాద. అది ఎగిరి కింద పడకుండా తొట్టి మూత మీద ఇటుకలు, గాలి బుడగల మోటారు, పైన లైటు.

తొట్టి పెట్టిన హన్మకొండ మనిషి సోమ్లాకు అన్నీ చేసి చూపించి పోయాడు. "నల్లా నీళ్లల్ల బ్లీచింగ్ ఉంటది. మనకేం గాదు గని, చేప మొప్పలను కాలుస్తది. గందుకే ఈ నీళ్ల మందు. ముందు బకెట్ల కలుపు, జరసేపు ఆగు, అప్పుడు మెల్లగ పొయ్యి. తొట్టిల సీదా ఎన్నడు పొయ్యకు. మొత్తం నీళ్లు ఎన్నడు మార్చకు, వారానికొకసారి మూడొంతులల్ల ఒక్క వంతు సాలు. బకెట్‌కు అర మూత. అర మూతంటే అర మూతే." సోమ్లా మేకుతో మూత లోపల గీత గీసుకున్నాడు. సీసా మీద అంతా ఇంగ్లీషే. చదువు రాదు కానీ చేతికి గీత తెలుసు.

ఆ సోమవారం మధ్యాహ్నం నీళ్లు మార్చాల్సిన రోజు. సోమ్లా చేతులు సబ్బు లేకుండా కడుక్కున్నాడు. రబ్బరు పైపును నీళ్లతో నింపి, రెండు కొసలూ వేళ్లతో మూసి, ఒక కొస తొట్టిలో ముంచి రెండోది బాత్రూము జాలారిలో వదిలాడు. నీళ్లు జరజరా దిగిపోయాయి. మూడో వంతు దిగగానే పైపు తీశాడు. చేప అడుగుకు చేరి, ఒక కంటితో అతన్నే చూస్తున్నట్టు నిలబడింది.

బకెట్ పెట్టి నల్లా తిప్పాడు. గుప్పున వాసన కొట్టింది. కళ్లు మండాయి. ఎప్పుడూ ఉండే వాసన కాదిది, దవాఖానలో నేల కడిగినప్పటి వాసన. బకెట్ పారబోసి ఇంకోటి పట్టాడు. అంతే. వంటింటి నల్లా తిప్పాడు. అదీ అంతే.

అయ్యో, ఇప్పుడెట్ల? తొట్టిలో నీళ్లు దిగిపోయి ఉన్నాయి. మోటారు గొట్టం నీళ్ల పైకి తేలి గరగరమంటోంది. హన్మకొండ మనిషికి ఫోన్ చేశాడు. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాడు. బయట టెంటు కింద డప్పు మొదలైంది, అంటే అన్నాలు అయిపోయాయి, అందరూ తిరిగొస్తున్నారు. వెనక వరుసలో తన జాగా ఖాళీగా కనపడుతూ ఉంటుంది.

భయం పట్టిన మనిషికి గీతలు కనపడవు. జ్వరం ఎక్కువైతే గోలీ ఎక్కువ వేయరా, ఇదీ మందే కదా అనుకున్నాడు. బకెట్‌కు అర మూత పోయాల్సిన చోట మూడు మూతలు పోశాడు. చేత్తో గిర్రున తిప్పాడు. వాసన పోయింది. హమ్మయ్య అనుకుని ఎనిమిది బకెట్లూ అట్లాగే కలిపి, తొట్టి నింపి, మూత పెట్టి, ఇటుకలు సర్దాడు.

అప్పుడే కరెంటు పోయింది.

బొగ్గు ఆగితే కరెంటు ఆగుతుంది, అందరికీ తెలిసిందే, అందుకే కదా బొగ్గు ఆపింది. కానీ మోటారు ఆగి, బుడగలు ఆగి, హాలంతా నిశ్శబ్దమైపోయేసరికి సోమ్లా పరుగున తొట్టి దగ్గరికొచ్చాడు. పావుగంటలో చేప పైకొచ్చింది. నోరు నీళ్ల అంచుకు పెట్టి తెరుస్తూ మూస్తూ ఉంది. మీసాలు రెండూ ముందుకు చాచింది. మొప్పలు ఇంతింత విప్పుతోంది. మందు ఎక్కువైతే అది నీళ్లలో ఉన్న కాస్త గాలినీ తినేస్తుందని హన్మకొండ మనిషి ఒకసారి అన్న మాట అతనికి ఇప్పుడు గుర్తొచ్చింది. గుర్తు రావాల్సినప్పుడు రాదు కదా!

"సావకే తల్లీ, నీకు దండం పెడ్త, సావకు" అన్నాడు పైకే.

చెంబు తీసుకున్నాడు. తొట్టిలోంచే ముంచి, చేయి పైకెత్తి, ఎత్తు మీద నుంచి ధారగా మళ్లీ తొట్టిలోనే పోశాడు. ధార పడ్డచోట నురగ లేచి గాలి కలుస్తుంది. మళ్లీ ముంచాడు. మళ్లీ పోశాడు. భుజం లాగితే చేయి మార్చాడు. డప్పు ఆగింది, ఉపన్యాసం మొదలైంది, ఉపన్యాసం అయిపోయి మళ్లీ డప్పు మొదలైంది. సోమ్లా ముంచుతూనే ఉన్నాడు. రెండు గంటల మీద కరెంటు వచ్చింది. చేప చచ్చిపోలేదు. కానీ వెండి రంగు పోయి ఒళ్లు మసకేసింది, ఒక కన్ను మీద పొర కమ్మినట్టుంది.

గోడ దూకి టెంటుకు వచ్చేసరికి పోచమ్మ అతన్ని కింది నుంచి పైదాకా చూసింది. గెస్ట్ హౌజు ఊడ్చేది పోచమ్మే. ఇరవై ఏళ్ల కింద మొగుడు పోయినప్పటినుంచి చీపురు పట్టుకున్న ముసలమ్మ, మాట ఎప్పుడూ గొంతులో దాచుకోదు. ఇప్పుడు మాత్రం గొంతు తగ్గించింది.

"సంకల దాక తడిసినవేంది కొడుకా? బ్లీచింగు వాసనొస్తున్నవు."

"నల్లా కాడ కాళ్లు కడుక్కున్ననవ్వా."

"కాళ్లు కడుక్కుంటె సంకలు తడుస్తయా?" అంది. మళ్లీ ఏం అనుకుందో, కొంగు తీసి అతని చేతికిచ్చింది, తుడుచుకోమని.

మంగళవారం చేప తిండి ముట్టలేదు. బుధవారం తండా నుంచి బయల్దేరేటప్పుడు భార్య రాజీ గుమ్మంలో అడ్డం నిలబడింది. వాళ్లిద్దరూ మాట్లాడుకునేది లంబాడీ భాషే అయినా కోపం వస్తే రాజీకి తెలుగు వస్తుంది.

"నీకు రాత్రిల్ల కలవరింతలు గూడ చేపవే. దేవేందరన్నకు తెలిస్తె ఏమైతదో ఎరికేనా? మొన్న కంపెనీ జీపు తీసినోని ఇంటికి ఒక్కలు పోతలేరు, మాట్లాడ్తలేరు. మనకు గట్లైతే ఎట్ల?"

"చేప సస్తె పని పోతది."

"మంది పోతె?"

సోమ్లా ఆమెను తప్పుకుని గుమ్మం దాటాడు. చెప్పులేసుకుని నడిచాడు. మైలు దూరం నడిచేటప్పటికి రెండు భయాలూ కలిసి ఒకే ముద్దయ్యాయి.

ఆ రోజు రోడ్డు మీద వంటావార్పు. టెంటు ముందు రోడ్డుకు అడ్డంగా మూడు పొయ్యిలు తవ్వారు. రోడ్డు మీదే వండి, రోడ్డు మీదే తినాలి, బండి ఒక్కటి కదలకూడదు. గెస్ట్ హౌజు వంటవాడు ఉండగా గరిటె ఇంకెవరు పడతారు? దేవేందర్ అతని భుజం మీద చెయ్యేసి, "ఇయ్యాల నువ్వే మా పెద్దవు సోమ్లన్నా, ఊరోళ్లతోటి కలిపి రెండు వందల మందికి పప్పు, అన్నం" అన్నాడు. ఆ చెయ్యి భుజం మీద ఉన్నంతసేపూ సోమ్లా ఊపిరి సరిగ్గా పీల్చలేదు.

చిట్యాల పక్క ఎవరిదో పొలం బోరు నుంచి ట్రాక్టరు మీద నాలుగు డ్రమ్ముల నీళ్లు వచ్చాయి. సోమ్లా కందిపప్పు కడగడానికి చెంబు ముంచాడు. అలవాటుగా ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏ వాసనా లేదు. అరచేతిలో పోసుకుని తాగాడు. చల్లగా, కొంచెం ఉప్పుగా, మట్టి నీళ్లు. బ్లీచింగ్ చుక్క లేదు. ఈ నీళ్లకు ఏ మందూ అక్కర్లేదు.

ఎనిమిది బకెట్లు. ఎనిమిదే ఎనిమిది.

చేతిలో చెంబు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. చాటుగా తీసుకుపోవడానికి ఇది గోడ దూకినంత సులువు కాదు, నడిరోడ్డు మీద రెండు వందల మంది కళ్లు. పోచమ్మ కూరగాయలు కోస్తూ అతన్ని చూసింది. కత్తిపీట పక్కకు పెట్టింది.

"సచ్చిందా?" అంది మెల్లగా.

సోమ్లా ఉలిక్కిపడ్డాడు. "నీకెట్ల తెలుసవ్వా?"

"ఆ ఇంట్ల నువ్వు సంకల దాక తడిసే పని గదొక్కటే గదరా. సచ్చిందా, ఉన్నదా?"

"ఉన్నది. ఇయ్యాల మంచి నీళ్లు పడకుంటె ఉండది."

"అయితె అడుగు."

"ఎవ్వలను?"

"ఎవ్వలనేంది, గంత పెద్ద మనిషి ఆడ నిలబడ్డడు గద."

సోమ్లా నడిచాడు. పది అడుగులు కూడా లేవు, పొయ్యి దగ్గర్నుంచి దేవేందర్ దగ్గరికి. ఆ పది అడుగుల్లో రెండుసార్లు వెనక్కి తిరిగిపోదామనుకున్నాడు. తీరా ఎదురుగా నిలబడ్డాక మాట ఆగలేదు.

"దేవేందరన్నా, నేను గేటు దాటిన. గేటంటే గోడ. రెండో రోజు సంది రోజు పోతున్న. చేపను చూసుకుంటందుకు. ఇంకేం ముట్టలే, ఏ పని చెయ్యలే. నల్లా నీళ్లు బ్లీచింగు కొడుతున్నయి, నేను మందెక్కువ పోసిన, తప్పు నాదే. ఇప్పుడది సస్తది. గా డ్రమ్ముల నీళ్లు ఎనిమిది బకెట్లు కావాలె."

డప్పు కొట్టేవాడి చేతులు ఆగాయి. ఎవరో వెనక నుంచి, "దొర చేపకు సమ్మె నీళ్లా!" అన్నారు. ఇంకెవరో నవ్వారు. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. దేవేందర్ మాత్రం నవ్వలేదు. అతని దవడ కదులుతోంది.

"రోజు పక్కన కూసొని జై కొట్టినవు గదనే. ఒక్క మాట చెప్పక పోయినవా?"

"భయమైందన్నా."

"నేనేం పులినా?"

సోమ్లా తలొంచుకున్నాడు. అప్పుడు నీళ్ల ట్యాంకు చూసే వాల్యా ముందుకొచ్చాడు. కంపెనీ కాలనీకి నీళ్లు వదిలేది అతనే. ఇబ్బందిగా మెడ రుద్దుకుంటున్నాడు.

"గది నా పనే అన్నా. నేను సమ్మెల కూసుంటే ట్యాంకుల బ్లీచింగు ఎవ్వలేస్తరని, మొన్న ఆయితారం పదిహేను రోజులది ఒక్కసారే ఏసిన. మందికి రోగాలు రావద్దని ఏసిన గని, గిట్లయితదని నాకెట్ల ఎరిక?"

దేవేందర్ వాల్యా మొహం చూశాడు, సోమ్లా మొహం చూశాడు.

"ఒకడేమో బ్లీచింగు కుమ్మరిచ్చె, ఒకడేమో మందు కుమ్మరిచ్చె. నడుమ దాని గతి గిట్లాయె" అన్నాడు. "నీళ్లు తక్కువైతె వంటెట్ల?"

"పప్పు జర గట్టిగ తింటం. పండ్లున్నోళ్లు నమిలి తింటరు, లేనోళ్లం మింగుతం" అంది పోచమ్మ, తన బోసి నోరు చూపించి. ఈసారి నవ్విన నవ్వు కాసేపు నిలిచింది.

దేవేందర్ అట్ట విప్పలేదు, గేటు తీయలేదు. "నేను గేటు తియ్య. గోడ మీంచి అందియ్యుండ్రి" అన్నాడు. వాల్యా గోడెక్కి కూర్చున్నాడు. పోచమ్మ బకెట్లు ముంచి ఇచ్చింది, వాల్యా అందుకుని దించాడు, సోమ్లా మోశాడు. డ్రమ్ములు పొద్దుటి నుంచి ఎండలో ఉండి నీళ్లు పైపైన వేడెక్కాయి. బకెట్లను హాల్లో నీడన పెట్టి, ఒక చేయి తొట్టిలో, ఒక చేయి బకెట్లో పెట్టి, రెండూ ఒకే తీరుగా తగిలేదాకా ఆగాడు. సీసా ముట్టుకోలేదు. పాత నీళ్లు మూడో వంతు తీసి, కొత్తవి చెంబుతో, తొట్టి గోడ వెంట జారేటట్టు, మెల్లగా పోశాడు. చేప ఒకసారి తోక కదిపింది.

బయట పప్పు నిజంగానే గట్టిగా అయింది. ఎవరూ ఏమీ అనలేదు. కానీ సోమ్లాకు వడ్డించేటప్పుడు దేవేందర్ అతని మొహం చూడలేదు. అది సోమ్లాకు రాయి తగిలినట్టయింది.

శుక్రవారం మధ్యాహ్నం దామోదర్ సార్ కారు వచ్చింది. గేటు ముందు నినాదాలు హోరెత్తాయి. మేనేజరును ఆపొద్దని ముందే అనుకున్నారు కాబట్టి అట్ట పక్కకు జరిపి దారి వదిలారు. పది నిమిషాలకు సోమ్లాకు ఫోన్ వచ్చింది, లోపలికి రమ్మని. సోమ్లా దేవేందర్ వైపు చూశాడు. దేవేందర్ ఎటో చూస్తూ, గడ్డం గీరుకుంటూ, "పో. ఈసారన్న గేటు నుంచి పో" అన్నాడు.

చేప వెండిలా మెరుస్తూ ఈ కొస నుంచి ఆ కొసకు తిరుగుతోంది. సార్ సోఫాలో కూర్చుని చాలాసేపు దాన్నే చూశాడు. మొహం విప్పారింది.

"శబాష్ సోమ్లా. అరవై మందిల నువ్వొక్కనివే మనిషివి." బల్ల మీది కాగితం ముందుకు జరిపాడు. "కాంట్రాక్టోళ్లల్ల డ్యూటీకి రానోళ్లను తీసెయ్యాలె, లిస్టు పంపుమని పై నుంచి ఆర్డరొచ్చింది. నీ పేరు ఒక్కటి పక్కన పెట్టిన. అన్ని రోజులు డ్యూటీకొచ్చినట్టు రాసిన. ఇగో, ఇక్కడ ఏలిముద్ర ఏసి పో."

సోమ్లా కాగితం చూశాడు. చదవలేడు. కానీ పై నుంచి కింది దాకా బారుగా ఉన్న పేర్లు తెలిశాయి, కింద విడిగా ఉన్న ఒక్క పేరూ తెలిసింది.

"పోచవ్వ పేరు యాడుంది సార్?"

"పైన ఉంటది. ఆమెతోటి నీకేంది?"

సార్ సిరా పెట్టె మూత తీశాడు. సోమ్లా బొటనవేలు దాని మీదికి దానంతటదే పోయింది. పదకొండేళ్ల అలవాటు. వేలికి సిరా అంటింది కూడా. పని పోతే రాజీకి ఏం చెప్పాలి, ఎక్కడికి పోవాలి, ఈ వయసులో ఎవరు పెట్టుకుంటారు అని ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. ఇంత భయం గోడ మీద కూడా వేయలేదు.

"నేను డ్యూటీకి రాలేదు సార్" అన్నాడు. తన గొంతు తనకే వినపడలేదు. మళ్లీ అన్నాడు. "నేను సమ్మెల ఉన్న. చేప సస్తదని వచ్చిన. అది బతికింది టెంటోళ్ల నీళ్లతోటి. పోచవ్వ ముంచిచ్చింది, వాల్యా అందిచ్చిండు. వచ్చినోళ్లల్ల రాస్తె ఆళ్లను గూడ రాయుండ్రి. లేకుంటె నన్ను గూడ పైననే రాయుండ్రి."

సార్ సిరా పెట్టెకు మూత పెట్టాడు. తర్వాత నవ్వాడు, అది మంచి నవ్వు కాదు. "బాగ నేర్పిండ్రు. సరె. పైననే రాస్త. రేపటి సంది ఈ గడప తొక్కకు."

సోమ్లా సిరా వేలు లుంగీకి తుడుచుకుంటూ బయటికొచ్చాడు. టెంటులో ఎవరికీ ఏం చెప్పలేదు. పోచమ్మ ఆ వేలు చూసి మొహం మాడ్చుకుంది, డ్యూటీకొచ్చినట్టు వేలిముద్ర వేసి వచ్చాడనుకుంది. చెప్పుకోవడానికి కూడా అతనికి ఓపిక లేకపోయింది. ఇంటికి పోయి రాజీకి మాత్రం చెప్పాడు. రాజీ ఏడ్చింది, తిట్టింది, తర్వాత రొట్టె పెట్టింది.

తెల్లారి శనివారం. వాన తుంపర పడుతోంది. పదకొండు గంటలప్పుడు గేటు చప్పుడైంది. దామోదర్ సార్ బయటికొచ్చాడు, కారులో కాదు, నడుచుకుంటూ. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి ఉంది, చొక్కా చేతులు తడిసి ఉన్నాయి. చేతిలో నీళ్ల మందు సీసా. నినాదం సగంలో ఆగింది. ఆయన ఎవరి వైపూ చూడకుండా వరుసలు దాటుకుంటూ వెనక వరుస దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"సోమ్లా, కరెంటు పోయి జామాయె. చేప పైకొచ్చి నోరు తెరుస్తున్నది. నీళ్లు మారుద్దామని సగం దాక తీసిన. నల్లా నీళ్లు ఇంక గదే వాసన. గీ మందు ఎంత పొయ్యాలెనో సీసా మీదున్న లెక్క నాకు సమజైత లేదు." సీసా సోమ్లా ముందుకు చాచాడు. "జర చెప్పు. సస్తదేమో."

పోచమ్మ నోరు తెరిచి సోమ్లా వైపు తిరిగింది. ఆమెకు ఇప్పుడర్థమైంది, అతను వేలిముద్ర వేయకుండానే వచ్చాడని, అందుకే ఇయ్యాల లోపలికి పోలేదని. ముందు వరుస నుంచి దేవేందర్ వెనక్కి తిరిగి సోమ్లా మొహం చూశాడు. బుధవారం నుంచి చూడనిది ఇప్పుడు చూశాడు.

సోమ్లా ఆ భయాన్ని గుర్తుపట్టాడు. ఇన్ని రోజులు తనలో ఉన్నదే, ఇప్పుడు సార్ మొహం మీద ఉంది. అతనికి సంతోషం కలగలేదు. జాలే వేసింది.

"ముందుగాల చెంబు తీస్కొని తొట్టి నీళ్లే ఎత్తు మీంచి పొయ్యుండ్రి, కరెంటొచ్చెదాక ఆపొద్దు. చేయి గుంజుతది, మార్చుకోండ్రి. నీళ్లు ఇంక తియ్యకుండ్రి. నల్లా నీళ్లు ఎడల్పు గంగాళంల పట్టి ఎండకో గాలికో ఒక రోజు ఉంచుండ్రి, వాసన పోతది. మందు బకెట్లనే కలపాలె, తొట్టిల గాదు. మూతల గీత ఉన్నది, గా గీత దాక. వాసనొస్తె ఇంక జర పోద్దామనిపిస్తది. పొయ్యకుండ్రి. నేను గట్లనే జేసిన."

సార్ ఒక్కో మాటకూ తలాడించాడు. "చెంబు, గంగాళం, బకెట్, గీత" అని తనలో తాను అనుకున్నాడు, బడిపిల్లవాడు పాఠం అప్పజెప్పుకున్నట్టు. ఇంకేదో అందామని నోరు తెరిచి, అనకుండా, గబగబా గేటు వైపు వెళ్లిపోయాడు.

పోచమ్మ మెల్లగా, "ఒరేయ్ సోమ్లా, నువ్వు లేవనే లేదు గదరా" అంది.

నిజమే. సార్ వచ్చి నిలబడి, అడిగి, విని, వెళ్లిపోయినంతసేపూ సోమ్లా చాప మీద కూర్చునే ఉన్నాడు.